వాసెన దారాలు

నేను కాపురానికి వచ్చేసరికి మా అత్తగారికి చూపు సగానికి సగం పోయింది. కళ్లలో పొర కమ్మి, మనిషి ఎదురుగా నిలబడితే నీడలా కనిపించేదట. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. మంగళగిరిలో మాది నేతపని ఇల్లు. ముందు గదిలో మామగారి మగ్గం, వెనక వంటిల్లు, దాన్ని ఆనుకుని నాలుగడుగుల సామాన్ల గది. ఆ గదికి కిటికీ కూడా లేదు. బెజవాడలో బట్టల కొట్టు ఉన్న ఇంట్లో పుట్టినదాన్ని కదా, మొదటిరోజు లోపలికి తొంగి చూసి ఇది గదా గుహా అనుకున్నాను.

ఆ ఏడు ఒకరోజు దీపం పట్టుకుని లోపలికి వెళ్లిన అత్తగారి కొంగు అంటుకోబోయింది. మామగారు హడలిపోయారు. ఆయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు, కానీ ఆ రోజు కచ్చితంగా చెప్పేశారు.

"ఇక దీపంతో లోపలికి పోవద్దు. ఒక్కసారి చెయ్యి కాలినా, ఒకటి తేబోయి ఇంకోటి తెచ్చినా, పొయ్యి అమ్మాయికి అప్పజెప్పి కూర్చోవాలి."

నాకు మాత్రం లోపల సంబరంగానే ఉంది. అబద్ధమెందుకు, పదిహేడేళ్ల కోడలికి తన చేత్తో వండాలని ఉండదా? రోజంతా రాట్నం దగ్గర కూర్చుని కండెలకు నూలు చుట్టడం నాకు పరమ విసుగు.

మర్నాడే అత్తగారు ఆ గదిని ఖాళీ చేయించారు. అటక మీద పాత మగ్గం చెక్కలుంటే దింపించి వడ్రంగిని పిలిపించారు. అతను కొలబద్ద తీస్తే, "కొలబద్దెందుకు నాయనా, నేనున్నానుగా" అని గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆవిడ మోకాలి దగ్గర ఒక అర, నడుము దగ్గర ఒకటి, భుజం దగ్గర ఒకటి. భుజం దాటి ఒక్క మేకు కూడా కొట్టనివ్వలేదు. బియ్యం బాన నేలమీద, గుమ్మానికి కుడిపక్క. నడుము ఎత్తున పప్పులు, ఉప్పు, చింతపండు. నూనె డబ్బా ఒక్కటీ ఎడమ మూల విడిగా.

"దాన్నెందుకత్తయ్యా వెలేశారు?" అన్నాను.

"తగిలి పడిందే అనుకో, అదొక్కటే పడుద్ది. పప్పులు పాడవ్వవు."

కుండకూ కుండకూ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ ఉండాలన్నారు. ఆ ఖాళీల్లో ఇంకో అరడజను కుండలు పడతాయని నేను వాదించాను.

"చెయ్యి నడిచే దారి కదమ్మా అది. నువ్వు మాత్రం దారి లేకుండా నడుస్తావా?" అన్నారు.

అసలు విడ్డూరం భుజం ఎత్తు అరలో ఉంది. అక్కడ ఐదు ఊరగాయ జాడీలు, ఐదూ ఒకే తీరు. మూతి మీద గుడ్డ పరిచి దారంతో బిగించి వాసెన కట్టడం అందరూ చేసేదే. ఈవిడ ఒక్కో జాడీకి ఒక్కో నంబరు నూలు కట్టారు. ఆవకాయకు ఇరవై నంబరు, మాగాయకు నలభై, గోంగూరకు అరవై, చింతకాయకు ఎనభై, ఉసిరికాయకు నూరు. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. నా కంటికి అన్నీ తెల్లదారాలే. ఆవిడ మాత్రం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి నలిపి ఇది ఫలానా అనేవారు. నమ్మకం కుదరక రాట్నం దగ్గరి దారాలు కలగాపులగం చేసి ఇచ్చి చూశాను. ఒక్కటీ తప్పలేదు. ఆ రోజు నుంచి ఆవిడ ఆ గదిలోకి వెళ్తుంటే పని మానేసి చూసేదాన్ని. చీకట్లోకి వెళ్లేవారు, చెయ్యి చాపేవారు, కావలసింది పట్టుకుని వచ్చేవారు. దీపం పెట్టుకుని నేను వెతికేదాని కంటే త్వరగా వచ్చేవారు.

కార్తీకానికి నూలు దొరకడం గగనమైపోయింది. మూరెడు దారం తెగినా పారేయకుండా అతికి చుట్టాలని మామగారి ఆజ్ఞ. ఒకరోజు అత్తగారు నీళ్లకు వెళ్లినప్పుడు నా కళ్లు జాడీల మీద పడ్డాయి. ఒక్కో మూతికి ఏడెనిమిది చుట్ల బంగారం లాంటి నూలు! ఐదింటినీ కిందికి దించి, దారాలు విప్పి ముక్కనూలు బుట్టలో వేసి, వాసెనలన్నీ పురికొసతో బిగించి, ఎలా వస్తే అలా పైన పెట్టేశాను. ఆ నూలు ఎందుకు కట్టారో ఆ క్షణాన గుర్తుంటే ఒట్టు. పొదుపు చేశానని మురిసిపోయాను.

మధ్యాహ్నం మామగారు పీట మీద కూర్చుని, "కాస్త మాగాయ వెయ్యవే" అన్నారు.

అత్తగారు లోపలికి వెళ్లారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. "అత్తయ్యా, నేను మార్చాను" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఈ పూటతో పొయ్యి నాదవుతుందన్న ఆలోచన కూడా వచ్చింది. వచ్చింది కాబట్టే నోరు మెదపలేదు.

వాసన చూస్తే పోలేదా అంటారేమో. గదంతా ఊరగాయల ఘాటే, దేన్నని పోల్చుకుంటారు? ఆవిడ చెయ్యి పురికొస మీద ఆగడం గుమ్మంలోంచి చూశాను. ఐదు జాడీలూ తడిమారు. తర్వాత ఒక్కో జాడీని అర మీంచి బెత్తెడు పైకెత్తి మళ్లీ దించుతూ వెళ్లారు. చివరిదాన్ని దించలేదు. చంకనెత్తుకుని బయటికి వచ్చి, కట్టు విప్పి, మామగారి కంచంలో వేశారు. మాగాయే! ఆయన ఏమీ ఎరక్కుండా కలుపుకుని తిన్నారు.

ఆయన మగ్గం ఎక్కాక అడిగాను, ఎలా తెలిసిందని.

"ఆయన రోజూ తినేది మాగాయేగా. అన్నిటికన్నా అదే తేలిగ్గా ఉండాలి" అన్నారు. నా వైపు కాకుండా గోడ వైపు తిరిగి, "పొయ్యి కావాలంటే అడగొచ్చు కదటే. ఇచ్చేదాన్ని" అన్నారు.

పొదుపు కోసం చేశానని చెప్పబోయాను. దారాలు విప్పింది పొదుపుకే, కానీ గుమ్మంలో నిలబడి చూసింది దేనికి? సిగ్గుతో చచ్చిపోయాను. నేరుగా మగ్గం దగ్గరకు వెళ్లి మామగారితో జరిగిందంతా చెప్పాను, నోరు మూసుకున్న సంగతితో సహా. ఆయన పోగు మోస్తూ ఆడుతున్న నాడెను ఆపేశారు. లేచి వెళ్లి, వంటింటి గుమ్మంలో నిలబడి చాలాసేపు అత్తగారినే చూశారు.

ఆ తర్వాత తొమ్మిదేళ్లు ఆవిడ వండితే మేం తిన్నాం.