భుజమ్మీద తువ్వాలు, జేబులో రుమాలు

మీరు ఆయన్ని చూసి నవ్వారు. సంఘం వాళ్ళారా, కాదనకండి. ఎండాకాలం సాయంత్రం కోటు తొడుక్కుని, టై కట్టుకుని, పై జేబులో రంగు రుమాలు మడిచి పెట్టుకుని మన ఉక్కు టౌన్‌షిప్ సెక్టర్ 2 మార్కెట్‌లో వంకాయలు ఏరుకుంటున్న మనిషిని పట్టుకుని "ఎవలి పెళ్ళి మావా?" అని అడిగిన నోళ్ళు మీవే. నవ్వి ఊరుకున్నారా అంటే అదీ లేదు. ఆయన పోయిన రోజున ఆ కోటు ఆయన ఒంటిమీదికి రాకుండా అడ్డం పడ్డారు. అది మీవల్ల కాలేదు. ఇప్పుడు మీ కళ్ళు మా అత్త గాజుల మీద పడ్డాయి. అందుకే ఇంత తొందరగా ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మంగళవారం పొద్దున మా మావయ్య పోయారు. మా నాన్న అక్క భర్త. చొక్కా ఇస్త్రీ చేసి హేంగరుకి తగిలించి, టీ కోసం కుర్చీలో కూర్చున్నారట. అత్త గ్లాసు పట్టుకొచ్చేసరికి తల పక్కకి వాలి ఉంది.

"ఇస్త్రీపెట్టి ప్లగ్గు తీసీసి మరీ ఎలిపోనాడే మీ మావయ్య" అంది అత్త ఫోన్లో. ఆ గొంతులో ఏడుపు కన్నా మెప్పు ఎక్కువ వినిపించింది నాకు. నేనూ ఏడవడానికి రాయడం లేదు. అలాంటి మనిషికి మేనకోడలిని అయినందుకు గర్వపడుతూ రాస్తున్నాను.

ఆయన బతుకంతా రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో గడిచింది. ఎర్రగా కాలిన ఇనుప దిమ్మ రోలర్ల మధ్య సాగుతుంటే పక్కన నిలబడి చూసుకునే పని. అక్కడ మెడలో ఏదీ వేలాడకూడదు. మఫ్లర్ లేదు, తాయెత్తు తాడు లేదు. ఖాకీ బట్టలు, హెల్మెట్, బూట్లు. షిఫ్టు దిగి, ఒళ్ళు తోముకుని స్నానం చేశాక మాత్రం ఆ మెడ ఆయనది. దాని మీద ఏముండాలో ఆయనే తేల్చుకునేవారు.

పెద్ద బీరువా నిండా సూట్లున్నాయనుకుంటున్నారేమో. నీలం కోటు ఒకటి, బూడిదరంగుది ఒకటి, వేసవికని దుర్గ్‌లో కుట్టించుకున్న పలచటి నూలు కోటు ఒకటి. గుప్పెడు టైలు. రుమాళ్ళు మాత్రం బోలెడు, ఎందుకంటే అవి కొన్నవి కావు. అత్త చీర చిరిగితే బాగున్న మేర చదరంగా కత్తిరించి, అంచు సన్నగా చుట్టి చేత్తో కుట్టేది. ఆ గుడ్డ ఆయన కోటు జేబులోకి చేరేది. "మీ అత్త సీర సిరిగిందంటే నాకు పండగే" అనేవారు. "అవునవును, నువ్వే మేకుకి తగిలించి సింపుతున్నావని నాకనుమానం" అనేది అత్త.

ముడి కట్టే పని కూడా అత్తదే. మావయ్యకి చిన్నప్పుడు పొలంలో కొడవలి తగిలి ఎడమచేతి బొటనవేలు బిగుసుకుపోయింది, టై ముడి ఎప్పుడూ కుదిరేది కాదు. ఎదుటి మనిషి మెడకి కట్టడం అత్తకి చేతకాలేదు. అందుకని ముందు తన మెడలో వేసుకుని ముడి బిగించి, వదులు చేసి తీసి, ఆయన తలమీంచి తొడిగేది. టై కొస బెల్టు బకిలుకి తగలాలి. ఆయన కన్నా ఆమె పొట్టి కాబట్టి ఎంత కిందకి వదలాలో ఆమెకో లెక్క ఉండేది. పెళ్ళికి వెళ్ళే ముందు ఆ క్వార్టర్ ముందుగదిలో పట్టుచీర కట్టుకుని, మెడలో టైతో అత్త నిలబడి ఉండడం మాకు మామూలు. నవ్వొచ్చేది. ఆ నవ్వు వేరు, మీ నవ్వు వేరు.

ఈ టైల సంగతి మీద మావయ్యకీ నాకూ పెద్ద వాదనే నడిచింది. ఆయన రిటైరయ్యాక, హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న కార్ఖానాలో పనిచేసే కాంట్రాక్టు కుర్రాళ్ళిద్దరు, నేను కరపత్రాలు రాస్తానని తెలిసి, నా దగ్గరికొచ్చారు. వేడి ఇనుము ముట్టుకునేవాళ్ళకి గ్లవ్స్ ఇవ్వడం లేదు, యజమానితో మాట్లాడ్డానికి వెళ్తున్నాం, అర్జీ రాసిపెట్టమన్నారు. రాశాను. మావయ్య పక్కన కూర్చుని అంతా విని, "కాయితం బాగుంది. బట్టలేటి?" అన్నారు.

వాళ్ళకి అర్థం కాలేదు. నాకయ్యింది, ఒళ్ళు మండింది. ఆయన అప్పటికే లోపల్నుంచి టైలు తెచ్చి మంచమ్మీద పరిచేశారు.

"టై సొక్కా కన్నా ముదురుండాల బాబూ. లేత మీద లేత ఏస్తే సున్నం గోడకి సున్నమేసినట్టు, ఏటీ కనపడదు."

"చాచా, నా చొక్కా చారలది" అన్నాడు ఒకడు.

"అయితే సుక్కల టై ఎట్టు. సారల మీద సారలే కావాలా? ఒకటి సన్నం, ఒకటి లావు ఉండాల. రెండూ ఒకలాగుంటే సంతలో ఇద్దరు ఒకేసారి అరిసినట్టు. ఎవలి మాటా ఇనపడదు."

"మరి జేబులో? టై గుడ్డదే రుమాలు పెట్టుకుంటే సెట్ అయిపోతుంది కదా?"

మావయ్య నెత్తి కొట్టుకున్నారు. "ఓర్నాయనో! టైకి రుమాలు కవల కాకూడదురా, వియ్యంకుడవ్వాల. టైలో అన్నిటికన్నా తక్కువున్న రంగేటో ఎతుకు. ఆ ఒక్క రంగూ జేబులోకి తే. సాలు."

నేనిక ఊరుకోలేకపోయాను. దొరల మెడతాడు మనవాళ్ళకెందుకు మావయ్యా, అడిగేది హక్కు, హక్కు అడగడానికి వేషమెందుకు అని గట్టిగానే అన్నాను. ఆయన టై మడతపెడుతూనే జవాబు చెప్పారు. అప్పటిదాకా మాలో ఎవరికీ చెప్పని సంగతి.

"మా నాన్న పెద్దోళ్ళ ఈదిలోకెల్తే భుజమ్మీద తువ్వాలు తీసి సంకలో ఎట్టుకునీవోడు. నా కళ్ళతో సూసాను. గజం గుడ్డ కూడా లేదే గుంటా అది. సిరిగిపోయిన గుడ్డ. దాన్ని సూసే అంత భయపడ్డారు ఆ పెద్దోళ్ళు. గుడ్డ సిన్న సంగతని నీకెవలు సెప్పీరు?"

జేబులో రుమాలు సర్దుకుని, "తువ్వాలు తీయించినోళ్ళున్నారు. ఈ జేబులోది తియ్యమని ఎవడొస్తాడో రమ్మను" అన్నారు.

కుర్రాళ్ళు టైలతో వెళ్ళారు. అంతకుముందు గుమ్మంలో నిలబెట్టి మాట్లాడిన యజమాని ఆ రోజు కుర్చీలు వేయించాడు. గ్లవ్స్ వచ్చాయి. టైలవల్ల వచ్చాయని నేననను. ఇవ్వకపోతే పని ఆపేస్తాం అన్న మాటవల్ల వచ్చాయి. కానీ ఆ మాట వాళ్ళు కూర్చుని చెప్పారు. తిరిగొచ్చి మావయ్యకి కథంతా వినిపిస్తూ, సేఠ్ కూడా టై కట్టుకున్నాడు చాచా, రుమాలు దాని గుడ్డే అన్నారు. మావయ్య పడీపడీ నవ్వారు. "డబ్బాలో ఎట్టి అమ్మే జత! అలాటోడికా మీరు అన్నాళ్ళూ భయపడ్డారు?"

నా వాదన నేను వదులుకోలేదు. కోటు లేనివాడి మాట కూడా వినాల్సిందే, వినకపోతే తప్పు వినని చెవిది. అయితే ఆయన అడిగింది ఇంకోటి. ఎవరి ఒంటిమీది గుడ్డని ఎవరు తీయిస్తున్నారు అని. నేను ఇన్నేళ్ళు కరపత్రాలు రాశాను, అంత సూటిగా ఎన్నడూ అడగలేదు. నా రాతల మీద కూడా ఆయన మాట ఆయనకుండేది: "నీ కోపం మంచిదే. కాకపోతే ముడిలాగ ఉండాల. మరీ బిగిస్తే నీకే ఊపిరాడదు. వదిలీసినావంటే జారిపోద్ది." ఇది రాస్తున్నప్పుడు కూడా రెండుసార్లు వదులు చేసుకున్నాను. మూడోసారి చెయ్యను.

ఇక మంగళవారం మధ్యాహ్నం సంగతి.

మావయ్యకి స్నానం చేయించారు. వాళ్ళకి పిల్లల్లేరు. ఆయన అక్క కొడుకు, వైశాలి నగర్‌లో ఉండే మా బావ, కర్మ చేయాలి. పాపం బావ ఎండలో మార్కెట్‌కి పరుగెత్తి బంగారురంగు డబ్బా ఒకటి కొనుక్కొచ్చాడు. తెరిస్తే తళతళలాడే ఊదారంగు టై, పక్కనే అదే గుడ్డతో రుమాలు. "మావయ్యకి టైలంటే ప్రాణం కదా, కొత్తది కడదామని" అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.

అంతమంది దుఃఖం మధ్య అత్త ఆ డబ్బాలోకి చూసింది. "నీ మనసు మంచిది నాయనా. మూత పెట్టీ. ఈ కవలల్ని మెడకి కట్టినామంటే మీ మావయ్య లేచి కూకుంటాడు."

చావింట్లో నవ్వు వచ్చింది. బావే ముందు నవ్వాడు. ఆ నవ్వు మీద సంఘం పెద్దాయన గొంతు పడింది. "కాటికెళ్ళే మనిషికి కోటూ టైలూ ఏటమ్మా? కొత్త తెల్లబట్ట కప్పండి. ఆచారమంటూ ఒకటుంది. నలుగురూ నవ్వుతారు."

"బతికుండగా నవ్వినోళ్ళే గదా అన్నయ్యా" అంది అత్త. "కొత్తేటుంది?"

వెనక నుంచి ఎవరో "లోగ్ క్యా కహేంగే", జనం ఏమంటారు, అన్నారు. ఎవరన్నారో నాకు తెలుసు, రాయను. అత్త వినిపించుకోలేదు. నీలం కోటు తీసింది. ఆ పొద్దున ఆయనే ఇస్త్రీ చేసుకున్న లేత నీలం చొక్కా హేంగరు మీంచి తీసింది. మెరూన్ టై, దాని మీద ఆవగింజలంత పసుపు చుక్కలు. రుమాలు కోసం బీరువాలో వెతికింది. ఎరుపున్నాయి, ఆకుపచ్చవి ఉన్నాయి, పసుపుది లేదు. పైఅరలోంచి తన పసుపు చీర లాగింది. మొన్నటిదాకా కట్టుకున్న చీర. కొంగు దగ్గర కత్తెర పెట్టింది.

"వదినా, బాగున్న సీర గదా అది! సిరగలేదే!" అని మా అమ్మ చెయ్యి పట్టుకోబోయింది.

"సిరగలేదేటి? ఇయ్యాలే సిరిగింది" అంది అత్త. కత్తిరించింది.

పెద్దాయన ఈసారి మెత్తగా చెప్పాడు. "పసుపు ఇక నీకు కూడదు తల్లీ."

"నాక్కూడదా? సరే. ఆయన జేబులో ఎడతాను. ఆయన్నడుగు కూడదేమో."

అత్త గోడకానుకుని కూర్చుని, సూదిలో దారం ఎక్కించుకుని, ఆ గుడ్డ నాలుగంచులూ చుట్టి కుట్టింది. శ్మశానానికి తీసుకెళ్ళే ఓపెన్ వేన్ వాడు బయట హారన్ కొట్టాడు. "ఆగమను" అంది, తలెత్తకుండా. కుట్టడం అయ్యాక లేచి టై తన మెడలో వేసుకుంది. పుస్తెల తాడు మీద మెరూన్ టై. ముడి బిగించింది, కొస ఎక్కడికొచ్చిందో పొట్ట మీద చెయ్యి పెట్టి చూసుకుంది, వదులు చేసి తీసింది. నేనూ బావా మావయ్య తల పైకెత్తి పట్టుకున్నాం. ఆమె తొడిగింది. కాలరు సర్దింది. పసుపు రుమాలు మడిచి జేబులో పెట్టి, ఒక వేలెడు పైకి లాగింది.

హథ్‌ఖోజ్ కుర్రాళ్ళిద్దరూ వచ్చారు. ఇప్పుడు వాళ్ళకీ పిల్లలున్నారు. ఇద్దరూ టైలతో వచ్చారు, ఒకడిది చారల చొక్కా మీద చుక్కలది. వేన్ దాకా పాడెకి భుజం పట్టారు. దండలు వేయబోయినవాళ్ళని అత్త ఒక్కొక్కరినే ఆపి, "ఎడమ పక్కకి రానీకండి, జేబు మూసుకుపోద్ది" అని చెప్పింది. అలా బంతిపూల దండలన్నీ ఒక వైపుకే ఒరిగి, మా మావయ్య సెక్టర్ రోడ్డు మీద వెళ్ళారు. క్వార్టర్ల గేట్ల దగ్గర నిలబడ్డవాళ్ళు చూశారు. ఛత్తీస్‌గఢీ ముసలమ్మ ఒకామె రోడ్డు పక్కన దండం పెట్టి, "కోనో బడే సాహబ్ రహిస్ కా?" అని, ఎవరో పెద్ద దొరగారా అని, నన్నడిగింది. అవునమ్మా అన్నాను. అబద్ధం చెప్పానని నేననుకోవడం లేదు.

మర్నాడు ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి పదోరోజు ఏం జరగాలో అత్తకి చెప్పి వెళ్ళారు. పొద్దున్నే ఎవరెవరు వస్తారు, గాజులు ఎక్కడ తీయిస్తారు, బొట్టు ఎవరు తుడుస్తారు. అత్త విని, వాళ్ళకి మంచినీళ్ళిచ్చి పంపింది. తర్వాత నావైపు తిరిగి, "నాకిష్టం లేదే" అంది. అంతే అంది. కాబట్టి మేం అడిగేవి ఇవి:

1. సంఘం హాల్లో మావయ్య ఫోటో పెట్టదలుచుకుంటే కోటు వేసుకున్న ఫోటో పెట్టండి. మిల్లు గేట్‌పాస్ మీది ఖాకీ బట్టల ఫోటో వద్దు.

2. ముక్తిధామ్‌కి, అంటే శ్మశానానికి, ఎవరు ఏ బట్టల్లో వెళ్ళాలో ఆ ఇంటివాళ్ళు చెబుతారు. సంఘం పెద్దలు చెప్పనక్కర్లేదు.

3. పనివాళ్ళు మాట్లాడ్డానికి వస్తే కుర్చీ వేయండి. టై ఉన్నా, లేకపోయినా.

4. మా అత్తని పెళ్ళిళ్ళకి, పేరంటాలకి ఎప్పటిలాగే పిలవండి. ఏ రంగు చీర కట్టుకొస్తుందో ఆమె ఇష్టం. పసుపు పళ్ళెం ఆమె దగ్గరికి వచ్చేసరికి పక్కకి తిప్పకండి.

5. పదోరోజున పరామర్శకి రండి. టీ పెడతాం, భోజనం పెడతాం. గాజుల కోసం మాత్రం రాకండి. ఆ రోజు గుమ్మంలో నేనుంటాను.