పిప్పి మీద నిలిపిన బండి

పెనం మీద పోసిన అట్టు గుండ్రంగా రాలేదు. గరిటె తిప్పుతుండగానే పిండి ఎడమవైపుకు జారి, ఆ అంచున మందంగా పేరుకుంది. రెండో అట్టూ అంతే. తప్పు పిండిది కాదు, బండి ఒరుగుతోందని అప్పుడు తెలిసింది. పొయ్యి ఆర్పేశాను.

మా ఆయన అనకాపల్లిలో ఒక చిన్న సంఘానికి పాస్టరు. క్రిస్మస్ ముందు పల్లెల్లో మీటింగులు పెట్టడానికి పాత మినీ బస్సు కొని, సీట్లు తీయించి, రెండు బల్లలు, గ్యాసు పొయ్యి అమర్చారు. పిల్లల్నీ నన్నూ తీసుకెళ్లేవారు. మీటింగులు జరిగే పది రోజులూ అదే మా ఇల్లు. ఎక్కడ ఆగినా ముందు బండి నేల మీద స్టీలు పళ్లెంలో నీళ్లు పోసి చూసేవారు. నీళ్లు ఏ అంచుకు చేరితే ఆ పక్క చక్రం కింద చెక్కలు పెట్టి, మూలలకు జాకీలు ఆనించి, చక్రాలకు రాళ్లు అడ్డం వేసేవారు.

రావికమతం దగ్గర ఒక ఊళ్లో మాత్రం ఆ చెక్కలన్నీ మీటింగు స్టేజీకే సరిపోయాయి. మాకు చూపించిన చోటు బెల్లం గానుగ పక్కన, కాలువ గట్టు. బురద మీద చెరుకు పిప్పి దట్టంగా పరిచి ఉంది. చెరుకు బళ్లు దిగబడకుండా గానుగల దగ్గర అందరూ చేసే పనే. గానుగ దగ్గరే పెరిగిన మా ఆయనకు పిప్పి మీద అనుమానం రాలేదు. పళ్లెంలో నీళ్లు కూడా సమంగానే నిలిచాయి. తెల్లారేసరికి వాన పట్టుకుంది.

ఆ పొద్దున్నే మా పాప, ఆరేళ్లది, "అమ్మా, గ్లాసులో పాలు ఓ పక్కకే ఉన్నాయి" అంది. చిన్నవాడి దగ్గుతో రాత్రి నాకు కన్ను అంటలేదు. "ఆటలాపి తాగు" అని కసిరాను.

పొయ్యి ఆర్పి చూసేసరికి ఇద్దరూ ఎడమ బల్ల మీద కూర్చుని బొమ్మలు వేస్తున్నారు. ఆ కిటికీ కిందే కాలువ. నేను అటు అడుగు వేస్తే నా బరువూ అటే పడుతుంది. కుడి గోడకు ఆనుకుని చెయ్యి చాపాను.

"ఇద్దరూ నా దగ్గరికి రండి. మెల్లగా. గెంతొద్దు."

"బొమ్మ అవలేదమ్మా" అన్నాడు చిన్నవాడు.

"తర్వాత వేద్దువు గాని. రా నాన్నా."

పాప నా ముఖం చూసి, తమ్ముడి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. వెనక తలుపులోంచి ఇద్దర్నీ దించి, స్టేజీ దగ్గరున్న మా ఆయన్ని కేకేశాను. ఎడమ వెనక చక్రం సగం దాకా దిగిపోయి ఉంది. జాకీ ఎత్తబోతే అదీ తడిసిన పిప్పిలోకి దిగిపోయింది.

గానుగ యజమాని, మా ఆయనకు బావ వరస, పరుగున వచ్చాడు. "ఏటి బావా, గానుగకాడ పెరిగినోడివి! పిప్పి ఎడ్లబండికి ఆగుతాది గానీ బస్సుకి ఆగుతాదేటి?"

"నిన్న గట్టిగానే ఉంది బావా. తొక్కి సూసేను."

"నువ్వు తొక్కితే సరా? నాలుగు టన్నులున్నావేటి!"

నవ్వుతూనే అతను పదిమందిని పిలిచాడు. మోకులు కట్టి కుడివైపు లాగి పట్టుకున్నారు. స్టేజీ విప్పి, ఆ చెక్కలు జాకీ కిందా చక్రం కిందా వేశారు. చీకటి పడేలోగా బండి గట్టు దిగి రోడ్డు మీదికి వచ్చింది. ఆ సాయంత్రం మా ఆయన నేల మీద నిలబడే ప్రసంగం చేశారు.

అట్లు ఎవరూ తినలేదు. పిల్లల్ని సమయానికి దించానని మెచ్చుకున్న ప్రతివాళ్లకూ తలూపాను గానీ, పాప చెప్పిన సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్ల తర్వాత ఈ కాగితం మీదే మొదటిసారి చెబుతున్నాను.

మర్నాడు పొద్దున్న పాలు ఇస్తూ ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. పాప గ్లాసు వైపు చూసి, గబగబా తాగబోయింది.

"ఏదైనా వంకరగా కనిపిస్తే నాకు చెప్పండి" అన్నాను. "నేను కసిరితే మళ్లీ చెప్పండి. అప్పుడూ కసిరితే నాన్నగారి దగ్గరికి పరిగెత్తండి. నిన్న పాలు ఓ పక్కకే ఉన్నాయమ్మా. నువ్వు చెప్పింది నిజం."