నోరా ఆంటీ పాటలో అమ్మ "ఊ"

నిన్న ఇక్కడ గల్ఫ్‌లో, నజ్మా అనే పేటలో ఒక పాత సామాన్ల కొట్లో టేప్ రికార్డర్ కనిపించింది. ఎర్ర బటన్నీ, దాని పక్క బటన్నీ కలిపి నొక్కితేనే రికార్డయ్యేది, గుర్తుందా మీకు?

తొంభైల్లో మేం ఇదే ఊళ్ళో ఉమ్ ఘువైలినాలో ఉన్నప్పుడు మా కింది ఫ్లాట్‌లో నోరా ఆంటీ ఉండేది. ఐర్లాండ్ నర్సు. వాళ్ళ ఊళ్ళో ఇంగ్లీషు కాదు, ఐరిష్ మాట్లాడతారట. వాళ్ళమ్మ పాటలు ఎక్కడ మరిచిపోతానోనని శుక్రవారాలు పాడి రికార్డు చేసుకునేది. వాళ్ళ పద్ధతిలో, పాడేవాళ్ళ చెయ్యి ఇంకొకరు పట్టుకుని మెల్లగా తిప్పుతూ ఉండాలి. ఆ ఇంకొకరి కోసం మా ఇంటికొచ్చేది. అమ్మ పట్టుకునేది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, కథ వింటున్నట్టు ప్రతి చరణానికీ "ఊ" కొట్టేది.

"అమ్మా, రికార్డయితుంది. ఊ కొట్టకు" అన్నాను.

"ఊ కొట్టకుంటే ఆమెకు పాడబుద్ధెట్లయితది బిడ్డా?"

నోరా ఆంటీ ఆ "ఊ"లను చెరపలేదు. పైగా అమ్మనూ పాడమంది.

"నీ బతుకమ్మ పాటలు గూడ రికార్డు చేస్తదట" అని చెప్పాను.

"మనయి యాడికి పోతయ్ తియ్. ఏటా పాడుతనే ఉంటం గద" అని అమ్మ చాయ్ పెట్టడానికి లేచింది.

తన దేశం వెళ్ళిపోతూ ఆంటీ ఒక క్యాసెట్ మాకిచ్చింది. అమ్మ పోయి ఆరేళ్ళు. బతుకమ్మ పాటల్లో నాకు మొదటి చరణాలు దాటి రావు.

ఆ టేప్ రికార్డర్ కొని, అల్ వక్రాలో మా ఇంటికి తెచ్చి, క్యాసెట్ పెట్టాను. ఐరిష్ పాట మొత్తం భద్రంగా ఉంది. మధ్యమధ్యలో గాజుల చప్పుడు, "ఊ".

అమ్మ గొంతు మా దగ్గర అంతే ఉంది.