సున్నం పూసిన గుట్ట బాట

సైకిలు మీద గుట్ట దిగడం నేను ముప్పై ఎనిమిదేళ్లు నిండాక నేర్చుకున్నాను. ఎక్కడం మాత్రం నేర్చుకోలేదు, ఆ పని మా ట్రాలీ బండిది. మా ఆయన ట్రాలీ వెనక డబ్బాలో సైకిళ్లు నిలబెడతాడు. ఒకదానికొకటి రాసుకోకుండా మధ్యలో పాత బొంతలు కుక్కుతాడు. సిరిసిల్ల నుంచి మా నాన్న పంపిన మరమగ్గాల గుడ్డ పీలికలతో గట్టిగా కట్టేస్తాడు. సెల్ టవర్ కోసం వేసిన మట్టి రోడ్డు మీదుగా గుట్ట పైకి తీసుకుపోయి దింపుతాడు. అక్కడి నుంచి కిందికి సైకిలు, మనిషి, దేవుడు, అంతే.

మా ఊరు బీర్పూర్ దాటి, అడవి మొదలయ్యే దగ్గర ఉంటుంది. మా ఆయన పదకొండేళ్లు ఒమన్‌లో ఉన్నాడు. మా వైపు ఏ దేశం పోయినా దుబాయి పోయాడనే అంటారు కాబట్టి ఆయనా దుబాయి మనిషే. అక్కడ ఆయన పని, లావు టైర్ల సైకిళ్లను, వాటిని తొక్కే దొరలను బండిలో కొండ మీదికి చేర్చడం. వాళ్లు రాళ్ల మీది నుంచి దూకుకుంటూ కిందికి వచ్చేస్తారు, ఈయన మళ్లీ కిందికి పోయి ఎక్కించుకొస్తాడు. పొద్దంతా అదే. ఫోన్లో ఈ మాట చెప్పినప్పుడు నన్ను ఆట పట్టిస్తున్నాడనుకున్నాను. తీరా ఆ కంపెనీ పని తగ్గించుకుని మనుషులను పంపించేస్తే, ఈయన రెండు పాత సైకిళ్లను విప్పి, అట్టపెట్టెల్లో సర్దుకుని ఇంటికి వచ్చాడు. మరో రెండు హైదరాబాదులో పాతవి కొన్నాడు.

గుట్ట మా ఇంటి వెనకే. బాట కొత్తగా చేసింది కాదు. మా మామగారు, ఆయన తండ్రి కల్లు గీసిన కాలంలో తాటిచెట్టు నుంచి తాటిచెట్టుకు నడిచిన బాట అది. తర్వాత మేకలు దాన్ని మాసిపోనియ్యలేదు. మా ఆయన దాన్నే అక్కడక్కడ వంచాడు, ఒకటి రెండు చోట్ల మట్టి ఎత్తు చేశాడు. జగిత్యాల నుంచి కాలేజీ పిల్లలు నలుగురైదుగురు వచ్చి దిగి పోయేవారు. ఎవరూ రాని రోజుల్లో బండి ఖాళీగా ఉండేది. అట్లాంటి ఒక రోజు నన్ను ఎక్కించాడు.

నేను బడికి పోలేదు. మా అమ్మ మంచాన పడితే ఇంట్లో ఉండిపోయాను. కరెంటు పోయి మరమగ్గం ఆగిన పూటల్లో నాన్న పక్కన కూర్చుని అక్షరాలు దిద్దించాడు. సైకిలూ ఆయనే నేర్పాడు. అందుకేనేమో, మనవాళ్లు ఒకరు పక్కన నిలబడి ఉంటే నాకు ఏదైనా వస్తుంది. గుట్ట మీద మా ఆయన నాన్నలాగే ఓపికగా చెప్పాడు. సీటు మీద కూర్చోవద్దు, పెడళ్లు రెండూ ఒక్క ఎత్తులో ఉంచి నిలబడాలి, బ్రేకు మీద ఒక్క వేలే ఉండాలి, ముందు చక్రాన్ని చూడకుండా పోవలసిన చోటును చూడాలి. నేను పంజాబీ డ్రస్సు కాళ్లకు పీలికలు చుట్టుకుని, హెల్మెట్ కింద కొంగులా చున్నీ ముడి వేసుకుని, అంజన్నా అనుకుంటూ బ్రేకు వదిలాను.

ఆ మొదటి మలుపును ఇప్పటికీ మరచిపోలేదు. భూమి కాళ్ల కింది నుంచి జారిపోతుంది, మనం పడిపోము. తాటిచెట్లు రెండు పక్కలా వెనక్కి పరుగెత్తుతాయి. చేతుల్లో హ్యాండిలు మేకపిల్లలా గుంజుకుంటుంది. గట్టిగా పట్టుకుంటే ఎదురు తిరుగుతుంది, కాస్త వదిలితే మాట వింటుంది. కింద ఆగాక నా నోట ఏ మొక్కూ రాలేదు. హ్యాండిలు వదిలి చేతులు జోడించాను. ఈ వయసులో ఈ ఒంటికి ఇంత సంతోషం రాసిపెట్టావా స్వామీ అనుకున్నాను.

బాట మధ్యలో రెండు వందల అడుగుల మేర నల్లరాళ్లున్నాయి. కొన్ని కుండంత, కొన్ని రోలంత. నేను పడ్డదంతా అక్కడే. మోకాలు, మోచెయ్యి, మళ్లీ అదే మోకాలు. ఒకసారి ఆ రాళ్లు తీసేద్దామంటే మా ఆయన, "గా రాళ్ల జోలికి పోకు, ఉండనియ్" అన్నాడు. ఒమన్ నుంచి వచ్చినప్పటి నుంచి ఆయనకు కుడి భుజం నొప్పి. తాను లేపలేడు, నన్ను లేపనియ్యడు, అందుకే అట్లా అన్నాడని నేను అర్థం చేసుకున్నాను.

నిరుడు చలికాలం మొదట్లో కోరుట్ల గల్ఫ్ ఏజెంటు ఫోన్ చేశాడు. మళ్లీ డ్రైవర్ పనే, వీసా వచ్చింది, వచ్చే ఆదివారం పొద్దుగూకేలోపు ఏదో ఒక మాట చెప్పాలన్నాడు. సరిగ్గా ఆ ఆదివారమే హైదరాబాదు నుంచి ఏడుగురు వస్తామన్నారు. దేశమంతా తిరిగి ఇట్లాంటి బాటలు దిగేవాళ్లట. మా ఆయన అన్నం ముందు కూర్చుని చెప్పాడు. వాళ్లు మళ్లీ వస్తామంటే ఇక్కడే ఉంటాడు, రామంటే వీసాకు సరే అంటాడు. నేను తలూపి కూర వడ్డించాను. మా బిడ్డ తండ్రిని ఫోన్లో చూస్తూ పెరిగింది. ఇప్పుడిప్పుడే ఆయన పక్కన కూర్చుని వాదులాడుతోంది. ఆ వాదులాట ఇంట్లో నాకు భజన విన్నట్టుండేది.

శనివారం ఆయన ఒక సైకిలు బ్రేకు బాగు చేయించడానికి కోరుట్ల పోయాడు. నేను ఇంటి ముందర పేడ కలిపిన సాన్పి చల్లుతుంటే, చుట్టాలు ఇంటికి రారు, గుట్టకు వస్తున్నారు కదా, మరి అక్కడెవరు ఊడ్చారు అనిపించింది. మా అత్తమ్మకు చెప్పాను. ఆమె పక్కింటి వదినెకు చెప్పింది. వదినె ఇంట్లో బీడీలు చుడుతున్న ఆడవాళ్లంతా చాటలు పక్కన పెట్టి లేచారు. తునికాకు కోతకు వాళ్లు చిన్నప్పటి నుంచి ఎక్కిన గుట్టే అది. మేం పదిమందిమి రాళ్లబాట మీదికి పోయి, గడ్డపారలతో ఒక్కో రాయిని పెకలించి పక్కకు దొర్లించాం. గుంతల్లో మట్టి పోసి కాళ్లతో తొక్కాం. చీపుర్లతో ఊడ్చి, సాన్పి చల్లాం. తీసిన రాళ్లను బాటకు రెండు వైపులా వరుసగా పేర్చి, దసరాకు తెచ్చి మిగిలిన సున్నం ఉంటే పూశాం. సగం రాళ్లకే సరిపోయింది. కింద బాట ముగిసే చోట వదినె పెద్ద ముగ్గు పెట్టింది. నా మనసు నిండిపోయింది. ఆయన భుజానికి పని తప్పించానన్న సంతోషం కూడా అందులో ఉంది. వచ్చాక చెప్పలేదు. తెల్లవారి ఆయనే చూడాలనుకున్నాను.

ఆదివారం వెలుగు రాగానే ఇద్దరం ట్రాలీలో పైకి పోయి, బాట చూసుకుంటూ నడిచి దిగాం. రాళ్లబాట దగ్గర ఆయన ఆగాడు. ఊడ్చిన మట్టి మీద చీపురు గీతలు ఇంకా ఉన్నాయి.

"గీ రాళ్లన్నీ ఎవలు తీసిన్రు?"

"మేమే. సుట్టాలొస్తున్నరని."

ఆయన ఒక తెల్లరాయి మీద కూర్చున్నాడు. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. మెల్లగా అన్నాడు: "వాళ్లు గీ రాళ్ల కోసమే అస్తున్నరే. పట్నంల సాఫ్ రోడ్లు లేకనా గింత దూరం అచ్చేది?"

అప్పుడు నాకు అర్థమైంది. ఉండనియ్ అంటే ఉండనియ్ అనే. అదే ఆ బాటకు ప్రాణం. నా రెండు చేతులతో నేనే ఆయన్ను దుబాయి బండి ఎక్కించానా అనుకున్నాను. వాళ్లు రావడానికి ఇంకా మూడు గంటలుంది. ఆయన్ను అక్కడే ఉంచి ఊళ్లోకి పరుగెత్తాను.

ఆడవాళ్లు మళ్లీ లేచారు. రాత్రి నొప్పులకు నూనె రాసుకున్న నడుములతోనే వచ్చారు. మా అత్తమ్మ దారంతా సణుగుతూనే ఉంది.

"రాళ్ల మీద పడెతందుకు పైసలిచ్చి అస్తరా? నీ మొగడు చిన్నప్పుడు గీ గుట్ట మీద ఎన్నిసార్లు పడ్డడో, ఒక్కలన్న రూపాయిచ్చిండ్రా?"

రాళ్లను మళ్లీ బాటలోకి దొర్లించడం సులువే. ఏది ఎక్కడ పెట్టాలన్నదే కష్టం. రాళ్లను ఎట్ల పడితే అట్ల పోస్తే సైకిలు ఇరుక్కుంటుంది, మనిషి ముందుకు ఎగిరి పడతాడు. మా ఆయనకు పెద్దవి నాలుగైదు గుర్తున్నాయి. సైకిలు మీద ఆయన ఎప్పుడూ వాటి మీది నుంచి తేలిపోయినవాడే, ఒక్కదాన్నీ దగ్గర నుంచి చూడలేదు. నేను అన్నింటినీ చూశాను. సైకిలు పట్టుకుని పైన నిలబడి, కళ్లు మూసుకుని, ఒక్కో అడుగు దిగుతూ చెప్పాను. ఇక్కడ రోలంత రాయి, ఎడమ పెడలు తాకి మోకాలు పగిలింది. దాని కింద జానెడు దూరంలో నున్నటిది, చక్రం జారింది. ఇక్కడ రెండు పక్కపక్కన, నడుమ చక్రం పట్టేంతే సందు, మోచెయ్యి. పక్కింటి వదినె రాయి లేపి పట్టుకుని నా వంక చూసింది.

"ఏం వదినె, గుట్ట నక్ష అంత నీ ఒంటి మీదనే ఉన్నది గదా. గీ రాయి ఏడ పెట్టాలె, నీ నడుముకు అడుగు."

అందరూ నవ్వారు. భుజం నొప్పిని పక్కన పెట్టి రాళ్లు మోస్తున్న మా ఆయన కూడా నవ్వాడు. ఆ మాట నిజమే. పడ్డ ప్రతిసారీ ఎందుకు పడేశావు స్వామీ అని అనుకున్నదాన్నే. ఆ పొద్దున నా దెబ్బలను ఒక్కొక్కటిగా లెక్క పెట్టుకుంటూ దండం పెట్టుకున్నాను. సున్నం కడిగే సమయం లేదు. తెల్లరాళ్లు తెల్లగానే బాటలోకి పోయాయి. నేను ఒకసారి దిగి చూపించాను. మూడు చోట్ల సైకిలు తన్నింది, అక్కడ సర్ది మళ్లీ మళ్లీ దిగి చూశాను. నాలుగోసారి కిందికి వచ్చేసరికి పైన తమ సైకిళ్లు కట్టుకున్న వాళ్ల పెద్ద కారు ఊళ్లోకి వచ్చింది.

ఏడుగురిలో ఒకామె ఉంది, నా ఈడుదే. మోకాళ్లకు, ఛాతీకి కవచాల్లాంటివి కట్టుకున్నారు. ట్రాలీ వెనక నిలబడి పైకి పోతూ బొంతలను, పీలికల ముళ్లను ఫోటోలు తీసుకున్నారు. మొదటిసారి వాళ్లు దిగుతుంటే నేను రాళ్లబాట పక్కన చెట్టు కింద నిలబడ్డాను. టైర్ల చప్పుడు, బ్రేకుల కీచు, గొలుసు టకటకలు పై నుంచి దగ్గరపడ్డాయి. ముందొచ్చినతను రాళ్లను చూసి లేచి నిలబడ్డాడు. చక్రం రోలంత రాయి ఎక్కి, తెల్లరాళ్ల నడుమ సందులో దారం సూదిలో పోయినట్టు పోయింది. తర్వాతి వాళ్లూ అంతే. ఒకతను పడ్డాడు, లేచి దుమ్ము దులుపుకుని నవ్వాడు. ఆ నవ్వు చూశాకే నాకు ఊపిరి తిరిగింది.

కింద ముగ్గు దగ్గర ముందతను గట్టిగా బ్రేకు వేసి ఆగిపోయాడు. సైకిలు దిగి, భుజానికెత్తుకుని, ముగ్గు చుట్టూ నడిచి అవతలికి పోయాడు. వెనకవాళ్లంతా అట్లనే చేశారు. మా అత్తమ్మ అది చూసి, ఈళ్లు మంచింటి పిల్లలే అని తేల్చేసింది. రాళ్ల పని అయ్యాక ఇంటికి పోయి ఆమె కాల్చిన సర్వపిండి అప్పుడు బయటికి వచ్చింది.

తింటున్నప్పుడు ఆ హైదరాబాదు ఆమె, తెల్లరాళ్లు గుర్తులా అని అడిగింది. తెల్లవి ఉన్న చోట జాగ్రత్తగా పోవాలనుకుని అందరూ నెమ్మదిగా పోయారట. నీడలో అవి బాగా కనబడ్డాయట. మా ఆయన నా వంక చూశాడు. నేను దాచలేదు. చుట్టాలొస్తున్నారని ఊడ్చేసి, మళ్లీ పెట్టామని ఉన్నదున్నట్టు చెప్పాను. వాళ్లు నవ్వుతారనుకున్నాను. ఆమె నవ్వలేదు, నా చెయ్యి పట్టుకుంది. "తర్వాతి ట్రిప్పు మీరు ముందు దిగండి, నేను మీ వెనకే వస్తాను," అంది. దిగాను. వెనక ఇంకొక ఆడమనిషి చక్రాల చప్పుడు వింటూ దిగడం అదే మొదటిసారి. రాళ్లబాటలో ఆ రోజు కాలు కింద పెట్టలేదు.

మూడుసార్లు అనుకున్నవాళ్లు ఐదుసార్లు దిగారు. పోయేముందు వాళ్లలో పెద్దాయన మా ఆయనతో మాట్లాడాడు. ఎండలు ముదిరేదాకా నెలకు ఒకసారి రావాలని ఉందన్నాడు. రెండు ఆదివారాలు మాత్రం ఇప్పుడే ఖాయం చేశాడు, మిగిలినవి చూద్దామన్నాడు. కారు పోయింది. మా ఆయన ట్రాలీలో కూర్చుని ఫోను చేతిలో పట్టుకున్నాడు. ఎండ తాటిచెట్ల మీది నుంచి దిగుతోంది. నేను పోయి పక్కన కూర్చున్నాను.

"రెండే అన్నరు," అన్నాడు.

"నేను గూడ ఇన్నా."

"అక్కడైతే నెలనెలా జీతం."

ఆయన అడిగింది నన్ను కాదు. అయినా నోట్లోంచి వచ్చింది.

"పోకు. ఈడనే ఉండు."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన పోయినప్పుడల్లా సంచి సర్ది పంపాను, ఈ మాట ఎన్నడూ అనలేదు. ఆయన నా వంక చూసి నంబరు నొక్కాడు. ఈసారి రావడం లేదన్నా అని ఏజెంటుతో చెప్పాడు. అటు నుంచి ఏజెంటు గట్టిగా ఏదో అన్నాడు. మా ఆయన విని, "ఇంకెవలకన్న ఇయ్యున్రి అన్నా, అక్కర ఉన్నోళ్లు మస్తు మంది ఉన్నరు," అని పెట్టేశాడు.

నేను అక్కడే కూర్చుని దండం పెట్టుకున్నాను. పెట్టుకుంటుంటే ఆ ఇంకెవరో ఎవరని తోచింది. మా జిల్లా ఇబ్రహీంపట్నం దగ్గరి మనిషి కావచ్చు, మా ఊరి మనిషే కావచ్చు. రేపో ఎల్లుండో వాళ్లింట్లో ఫోను మోగుతుంది, ఎవరో ఒకామె సంచి సర్దడం మొదలు పెడుతుంది. ఆ అమ్మ ఇల్లు చల్లగుండాలని, ఆమె మొగుడు పోయిన చోటు నుంచి తొందరగా తిరిగి రావాలని, నా దండంలో సగం ఆమెకు పెట్టాను. ఇప్పటికీ పొద్దున్నే దీపం పెట్టినప్పుడు, పేరు తెలియకపోయినా ఆమెను తలుచుకుంటాను.