వెల్మా అత్తయ్యా, ఏడో ఇన్నింగ్సూ

మా వెల్మా అత్తయ్య బేస్‌బాల్ ఆటకు తప్పకుండా వెళ్తుంది. ఆట అయిపోకముందే తప్పకుండా లేచి వచ్చేస్తుంది. తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో ఏడో ఇన్నింగ్స్ మధ్య చిన్న విరామం ఉంటుంది. గ్రౌండులో ఉన్న జనమంతా లేచి నిలబడి, ఒళ్ళు విరుచుకుని, పాట పాడి, మళ్ళీ కూర్చుంటారు. మా అత్తయ్య కూడా లేస్తుంది, ఒళ్ళు విరుచుకుంటుంది, శ్రుతి లేకుండా పాట కూడా పాడుతుంది. కూర్చోవడం ఒక్కటే ఉండదు.

"పదండి పదండి! ఇప్పుడు బయల్దేరకపోతే ట్రాఫిక్‌లో ఇరుక్కుపోతాం!"

ట్రాఫిక్ అంటే మీరు ఏ షికాగోనో ఊహించుకోకండి. మాది బెల్‌ఫోర్డ్. అయోవా రాష్ట్రంలో, మిస్సిసిపీ ఒడ్డున, ఒక పక్క నది, మూడు పక్కల మొక్కజొన్న. ఊరంతటికీ ఒకటే సిగ్నల్ లైటు. అది కూడా జనం రాత్రి భోజనాలకు కూర్చునే వేళకి డ్యూటీ దిగిపోతుంది. అలాంటి ఊళ్ళో ట్రాఫిక్‌కు భయపడే మనిషి మా అత్తయ్య ఒక్కతే. ఆ మనిషి కారులో తప్ప ఇంటికి చేరే దారి లేనివాణ్ని నేనొక్కణ్నే.

మా జట్టు పేరు బటన్స్. ఒకప్పుడు మా ఊళ్ళో నదిలో దొరికే ఆల్చిప్పలతో చొక్కా గుండీలు చేసే ఫ్యాక్టరీ ఉండేది, దాని పేరే జట్టుకీ పెట్టారు. మా వర్జిల్ మామయ్య ఆ ఫ్యాక్టరీలో తనిఖీదారుగా చేసి రిటైరయ్యాడు. గుండీకి రంధ్రం వెంట్రుకవాసి వంకర పోయినా ఇట్టే పట్టేసేవాడని పేరు. ఆ పేరు గ్రౌండుకి కూడా వచ్చింది. అంపైర్ ఏం చెప్పినా మా వరసలో వాళ్ళు నమ్మరు. వెనక్కి తిరిగి మామయ్యను అడుగుతారు.

"వర్జిల్, ఆ బంతి హద్దులో పడిందా, పక్కకు పోయిందా?"

"పక్కకే. నా బొటనవేలంత పక్కకి."

అంతే, వరస మొత్తం అంపైర్ మీద విరుచుకుపడేది. ముందు కూర్చునే ఎల్డన్ అయితే మామయ్య తీర్పు రాందే బూతు కూడా మొదలుపెట్టడు. మామయ్య మాత్రం మహారాజులా వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ ఉండేవాడు.

అలాంటి మహారాజుని ఏడో ఇన్నింగ్స్‌లో మా అత్తయ్య మోచెయ్యి పట్టుకుని లేపేసేది.

"వెల్మా, ఇంకాస్సేపు ఉండవే. ఆట మంచి పట్టులో ఉంది."

"పట్టులో ఉన్నప్పుడే లేవాలి. పట్టు జారాక అందరూ లేస్తారు."

"చూశావా ఎల్డన్, నా బతుకు?" అని ఆయన చేతులు చాచేవాడు. ఊరంతా ఆయన మీద జాలిపడేది. అసలే ఆవిడ కారు స్టీరింగ్ కూడా ఆయన్ని ముట్టుకోనివ్వదని చెప్పుకునేవారు. అందరికంటే ఎక్కువ జాలిపడింది నేను. అయితే ఆయన మీద కాదు, నా మీద. ముప్పై దాటిన వయసులో, సొంత సంపాదన ఉండి, అత్తయ్య వెనకాల వేరుశెనక్కాయల పొట్లం పట్టుకుని, ఆడుతున్న ఆట వంక వెనక్కి తిరిగి చూసుకుంటూ మెట్లెక్కే మగాణ్ని ఒక్కసారి ఊహించుకోండి. పెళ్ళి ఎందుకు కాలేదో కూడా మీకే అర్థమవుతుంది.

లైబ్రరీ నుంచి తెచ్చుకున్న డిటెక్టివ్ నవలకి చివరి పేజీలు లేకపోతే ఎలా ఉంటుంది? నాకు బేస్‌బాల్ అంతా అలాగే ఉండేది. టైర్ల షాపులో నాతో పనిచేసేవాళ్ళు, "నిన్న ఆటకి వెళ్ళావుగా, చివర్లో ఏమైంది?" అని అడిగితే, "మీరు చెప్పండి" అనేవాణ్ని. 

పోనీ, అంత ముందుగా లేచి వచ్చాం కదా, ఇంటికైనా ముందు చేరేవాళ్ళమా? అదీ లేదు. కారెక్కగానే ఇంజను స్టార్ట్ చేసి, రేడియో పెట్టి, అత్తయ్య చేతులు కట్టుకుని కూర్చునేది.

"బయల్దేరదాం అత్తయ్యా!"

"ఇంజను వేడెక్కనీరా."

"జూలై నెల అత్తయ్యా! సీటు మీద గుడ్డు పగలగొడితే ఆమ్లెట్ అవుతుంది!"

"మనకి వేడి, దానికి కాదు."

ఇంజను వేడెక్కాక కళ్ళజోడు వెతకడం మొదలయ్యేది. అవి లేకుండా బండి నడపదు. ఆ హ్యాండ్‌బ్యాగులోంచి దగ్గు బిళ్ళలు, సగం తిన్న శాండ్‌విచ్, స్క్రూడ్రైవరు, పోయినేడాది క్రిస్మస్ కార్డులు, అన్నీ బయటికొచ్చేవి. కళ్ళజోడు మాత్రం వచ్చేది కాదు. ఎందుకు వస్తుంది, అది ఆవిడ నెత్తి మీదే ఉంటే?

"అత్తయ్యా, నెత్తి మీద..."

"నువ్వుండు. నా వస్తువులు నాకు తెలుసు."

ఈలోగా రేడియోలో తొమ్మిదో ఇన్నింగ్స్ నడిచేది. రేడియో అబ్బాయి గొంతు చించుకునేవాడు. గోడ అవతల జనం హోరెత్తేవారు. ఆ హోరుకి ఇరవై గజాల దూరంలో, టిక్కెట్టు కొనుక్కున్న నేను, జేబులో చినిగిన సగం టిక్కెట్టుతో కూర్చుని పళ్ళు నూరేవాణ్ని. రేడియో అతను శుభరాత్రి చెప్పాక అత్తయ్య చెయ్యి నెత్తి మీదికి వెళ్ళేది. "అరె, ఇక్కడుందే!" అప్పటికి జనమంతా బయటికొచ్చి, కార్లన్నీ రైలు గేటు దగ్గర బారులు తీరి, మేము సరిగ్గా ఆ బారు చివర నిలబడేవాళ్ళం.

"చూశావా? అందుకే అంటాను, ముందే బయల్దేరాలని."

ఇలా ఎన్నో వేసవులు గడిచాక మా బటన్స్‌కి ఎప్పుడూ లేనిది ఛాంపియన్‌షిప్ ఫైనల్ వచ్చింది. అదీ సొంత గ్రౌండులో, ఆదివారం సాయంత్రం. ఈ ఒక్క ఆట చివరిదాకా చూడకపోతే నేను మనిషినే కాదనుకున్నాను. అంతకు వారం ముందే ఒక కారు కొన్నాను. కారు అని మర్యాద కోసం అంటున్నాను. నాలుగు చక్రాలుండేవి, తలుపులు బయటినుంచి తెరుచుకునేవి. రేడియో ఉండాల్సిన చోట చదరంగా కన్నం ఉండేది. అమ్మినవాడు దాన్ని పీక్కుని పోయాడు. ఆ కన్నంలో నేను చూయింగ్ గమ్ దాచుకునేవాణ్ని.

"ఈసారి నా కారులో వెళ్దాం అత్తయ్యా" అన్నాను తీయగా. కారు నాది, తాళం నా జేబులో. ఇక ఎలా లేస్తావో లే, అని లోపల నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఏడో ఇన్నింగ్స్ వచ్చింది. మా వాళ్ళు ఒక్క పరుగు వెనకబడి ఉన్నారు. సెప్టెంబరు కదా, పొద్దు వాలిపోయింది. గ్రౌండులో లైట్లు వేశారు. జనం లేచారు, పాడారు, కూర్చున్నారు.

"పదండి, ట్రాఫిక్‌లో..."

"నేను రాను" అన్నాను. వరసంతా వెనక్కి తిరిగింది. ఎల్డన్ నోట్లో హాట్‌డాగ్ అలాగే ఉండిపోయింది.

"ఏమన్నావు?"

"ఫైనల్ అత్తయ్యా. ఇవాళ మా తాత లేచొచ్చి పిలిచినా కదలను."

అత్తయ్య నా వంకా, మామయ్య వంకా చూసింది. మామయ్య వేరుశెనక్కాయ ఒలవడం ఆపేశాడు. అత్తయ్య చెయ్యి చాచింది. "సరే, చూసుకో. తాళం ఇటివ్వు. మీ మామయ్యకి చలిగా ఉంది, కారులో కూర్చుంటాం."

చలి ఎక్కడుందో నాకు తెలియలేదు కానీ, యుద్ధం గెలిచిన ఊపులో తాళం ఇచ్చేశాను. వాళ్ళు వెళ్ళిపోయారు. నేను కాళ్ళు చాపుకున్నాను. ఎల్డన్ నా భుజం తట్టి బీరు ఇప్పించాడు. ఇన్నేళ్ళకి మగాడినయ్యానని అందరూ మెచ్చుకున్నారు.

ఎనిమిదో ఇన్నింగ్స్ సగంలో ఎల్డన్ నన్ను మోచేత్తో పొడిచాడు. "లెస్టర్, నాకు కనబడుతున్నది నీకూ కనబడుతోందా?"

అత్తయ్య వెనక్కి వస్తోంది. ఏడో ఇన్నింగ్స్ దాటాక ఆవిడ ఆ మెట్లు దిగడం ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు. రొప్పుతూ వచ్చి నా పక్కన వంగింది.

"ఒరేయ్, నీ కారులో రేడియో ఏదిరా?"

"లేదు. ఆ కన్నంలో చూయింగ్ గమ్ ఉంది, తీసుకో."

"రేడియో లేదా? అసలు లేనే లేదా?"

"ట్రాఫిక్ ముంచుకొస్తోంది అత్తయ్యా, వెళ్ళి కూర్చో" అన్నాను వెటకారంగా.

ఆవిడ తిట్టలేదు. మెట్టు మీద చతికిలబడింది. ఎప్పుడూ అలా చూడలేదు కాబట్టి నాకు కంగారేసింది. నా చొక్కా పట్టుకుని దగ్గరికి లాగి, చెవిలో గుసగుసగా చెప్పింది.

"మీ మామయ్యకి లైట్ల వెలుతుర్లో బంతి కనబడదురా. చాలా ఏళ్ళయింది. పగలు ఎలాగో నెట్టుకొస్తాడు. పొద్దుగూకితే ఇక అంతే."

"నీకు చెప్పాడా?"

"చెబుతాడా? చూపు మీద బతికిన మనిషి! నేనూ అడగలేదు. ఇక్కడ కూర్చుంటే వీళ్ళంతా, వర్జిల్, ఏం పడింది, ఎక్కడ పడింది అంటారు. ఏం చెబుతాడు? కారులో అయితే రేడియో అబ్బాయి అన్నీ చెబుతాడు. ఆట చివరిదాకా వింటాడు, మర్నాడు అందరితో సమానంగా మాట్లాడతాడు. ఇవాళ ఫైనల్. ఆ కన్నం ముందు కూర్చోబెట్టొచ్చానురా ఆయన్ని."

జూలైలో వేడెక్కని ఇంజను, నెత్తి మీద ఉండగా బ్యాగులో వెతికిన కళ్ళజోడు, ముట్టుకోనివ్వని స్టీరింగ్, ఒక్కొక్కటీ నా బుర్రలోకి దిగాయి. అత్తయ్యకి ట్రాఫిక్ పిచ్చని ఊరంతా నవ్వుతుంటే ఆవిడ ఆ నవ్వునే అడ్డం పెట్టుకుంది. పక్క సీట్లో కూర్చుని అందరికంటే గట్టిగా నవ్విన బుద్ధిమంతుణ్ని నేను. మా అత్తయ్య మీద నాకు ఒక్కసారిగా చెప్పలేనంత ప్రేమ కలిగింది. వెంటనే ఏడుపూ వచ్చింది, అది మాత్రం ఫైనల్ గురించి.

బీరు కింద పెట్టి లేచాను.

"నువ్వు కూడానా?" ఎల్డన్ నోరు వెళ్ళబెట్టాడు.

"ట్రాఫిక్‌లో ఇరుక్కుపోతాం" అన్నాను.

కారు గ్రౌండు ఎడమ పక్క గోడ వెనకాలే ఉంది. గోడ ఎత్తే కానీ, కారు మీదికెక్కితే గ్రౌండు కనబడుతుంది. అత్తయ్య దూరం నుంచే కేకలు మొదలుపెట్టింది.

"వర్జిల్! ఈ వెధవ కారు వేడెక్కేలా లేదు. దిగు, ఇక్కణ్నుంచే చూద్దాం. నువ్వు పొడుగు కదా, ఆ బంపర్ మీద నిలబడు. నేను పొట్టిదాన్ని, నాకేం కనబడదు. ఒరేయ్ లెస్టర్, పైకెక్కి నాకు చెప్పు. గట్టిగా చెప్పు, నాకు చెవులు కూడా సరిగ్గా లేవు."

ఆవిడ చెవులు పక్క వీధి గొడవలు కూడా వింటాయి. నేను కారు మీదికెక్కాను. కారు పైకప్పు నా బరువుకి మూలిగి లోపలికి సొట్టపోయింది. మామయ్య వెనక బంపర్ మీద నిలబడి, గోడ మీదుగా లైట్ల వైపు చూస్తున్నాడు.

రేడియో అబ్బాయి పని ఎంత కష్టమో నాకు ఆ రోజు తెలిసింది. "కొట్టాడు! పరిగెత్తుతున్నాడు! ఎవడో ఒకడు పరిగెత్తుతున్నాడు! అయ్యో, ఆగిపోయాడు!"

"ఎవడు? ఎక్కడ?" అత్తయ్య.

"మన వాడే... కాదు, వాళ్ళ వాడు! కాదు కాదు, మన వాడే!"

"సన్నాసీ, సరిగ్గా చెప్పు!"

"మొదటి బేస్ మీద ఆగాడు వెల్మా, ఆ మాత్రం తెలియట్లేదా?" అన్నాడు మామయ్య ఠీవిగా. అది నేను చెప్పిన ముక్కల్లోంచి ఆయన అల్లుకున్నదే. నా కంటే నయంగా అల్లాడు.

తొమ్మిదో ఇన్నింగ్స్. మా వాడొకడు బేస్ మీద ఉన్నాడు. బంతి గోడ దాటితే గెలుస్తాం, ఇంకొక్కడు ఔటైతే ఓడిపోతాం. స్పీకర్లలో ఏదో పేరు చెప్పారు, గోడ వెనక్కి సరిగ్గా వినబడలేదు. బ్యాటింగ్ వరస ప్రకారం కొవాల్స్కీ రావాలి.

"కొవాల్స్కీ వచ్చాడు!" అని అరిచాను.

బంతి విసిరారు. ఠప్పుమని దెబ్బ. జనం లేచారు. బంతి లైట్ల పైకి లేచింది, తెల్లగా, ఎత్తుగా. ఇన్నేళ్ళుగా నేను మొహం వాచిపోయిన ముగింపు అదే, నా కళ్ళ ముందే. సరిగ్గా అప్పుడు, ఎందుకో, తల కిందికి తిప్పి మామయ్యను చూశాను. ఆయన నోరు తెరుచుకుని, ఊపిరి బిగబట్టి, బంతి లేని వైపు, లైటు స్తంభం కేసి చూస్తున్నాడు. నేను చెప్పడం కోసం ఎదురు చూస్తున్నాడు.

నేను మళ్ళీ తల ఎత్తేసరికి అంతా అయిపోయింది. జనం ఒకరి మీద ఒకరు పడి ఎగురుతున్నారు.

"గోడ దాటేసింది!" అని గుండెలు పగిలేలా అరిచాను. "కొవాల్స్కీ! హోమ్ రన్! గెలిచాం మామయ్యా!" దాటిందో లేదో దేవుడికే తెలియాలి. జీవితంలో మొదటిసారి ఆట ముగింపు దాకా నిలబడి, దాన్ని కూడా నేను చూడలేదు.

"చూశాను!" మామయ్య బంపర్ మీద గంతేశాడు. "చూశాను వెల్మా! గోడకి రెండు బారల పైనుంచి పోయింది!"

"అబ్బ, నీ కళ్ళు చల్లగుండ" అంది అత్తయ్య.

మర్నాడు పొద్దున డొరీన్ హోటల్లో ఊరంతా చేరింది. ఎల్డన్ పేపరు పరిచాడు. "పినెడా చూడు, ఏడాదంతా బెంచీ మీద కూర్చున్నవాడు, నిన్న ఒక్క దెబ్బతో..."

"పినెడా ఏమిటి?" మామయ్య కాఫీ కప్పు దించాడు. "కొట్టింది కొవాల్స్కీ."

"కొవాల్స్కీకి కాలు పట్టేసిందని చివర్లో పినెడాని పంపారు. ఫొటో కూడా వేశారు, ఇదిగో."

మామయ్య ఆ ఫొటో వంక చూడలేదు. "పేపరు వాళ్ళకేం తెలుసు? నా కళ్ళతో చూశాను. లెస్టర్ కూడా ఉన్నాడు. చెప్పరా, ఎవడు కొట్టాడు?"

హోటలంతా నా వైపు తిరిగింది. ఫొటోలో పినెడా పేరు పెద్ద పెద్ద అక్షరాల్లో ఉంది, చొక్కా మీద అంకె కూడా కనబడుతోంది. మామయ్య నమ్మకంగా చూస్తున్నాడు. అత్తయ్య చేతిలో ఫోర్కు, దాని మీద యాపిల్ కేకు ముక్క, గాల్లో ఆగిపోయాయి.

"కొవాల్స్కీయే" అన్నాను. "అనుమానమే లేదు."

ఎల్డన్ పడీ పడీ నవ్వాడు. "కారు మీదెక్కి చూశావటగా, కారు కింద దూరి చూసినా ఇంతకంటే బాగా కనబడేదిరా!" హోటలంతా నవ్వింది. అత్తయ్య ఆ ముక్క నోట్లో పెట్టుకుని, మిగతా ప్లేటు నా ముందుకు తోసింది.

ఇప్పటికీ నేను ఆ హోటలుకి వెళ్తే చాలు, ఎల్డన్ మెనూ తీసి గట్టిగా చదివి వినిపిస్తాడు. మామయ్య పక్కనే కూర్చుని నన్ను చూసి నిట్టూరుస్తాడు. "వెల్మా, వీడికి చూపు బాగా తగ్గిపోయింది. పాపం, ఎవరితోనూ చెప్పుకోడు. నువ్వు కాస్త కనిపెట్టి చూసుకుంటూ ఉండు."