మార్కెట్ పేజీలో నా బడి

మెదక్ బస్టాండు ముందర మిర్చీ బజ్జీలు కట్టిచ్చిన కాగితం చేతిలో వేడిగా ఉంది. నూనె పీల్చుకుని అక్షరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినా, అది మార్కెట్ పేజీ అని చూడగానే గుర్తుపట్టాను. అమెరికాలో వడ్డీ రేట్లు, మందుల కంపెనీలు, బంగారం. చల్లారిపోతాయని పక్కనున్నావిడ అంటున్నా నిలబడి చదివాను. చదువుతుంటే విమలక్క గొంతు వినబడింది.

విమలక్క మా పక్కింట్లో కిరాయికి ఉండేది. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. నాకు అక్షరాలు వచ్చింది ఆమె అరుగు మీదే, నా మనవలు బడికి పోయే వయసులో. ఎవరైనా దేవుడి కథలతో మొదలుపెట్టిస్తారు. ఆమె పేపర్లో మార్కెట్ పేజీ నా ముందు పడేసింది.

"గిదేందక్కా, కతలియ్యవా?"

"కతలిస్తే కూసోని ఏడుస్తవు నర్సమ్మా. గిది సదివితే కొట్లాడుతవు. నీకు గదే కావాలె."

నిజమే. మా ఆయన పోయాక ఇంట్లో ప్రతి కాగితం మీదా నా బొటనవేలి ముద్ర ఉంది, ఒక్కదాంట్లోనూ నా మాట లేదు.

ఒకనాడు సౌర విద్యుత్తు వార్తలో లైను చివర 'పెట్టు' అని ఉండి, కింది లైనులో 'బడి' అని ఉంది. కూడబలుక్కుని, "సౌర విద్యుత్తుల బడి పెట్టమంటున్నరా అక్కా?" అన్నాను. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "తప్పేం సదవలేదే నువ్వు! పైసలు పెట్టేటోళ్లు ముందుగాల బడికి పోవాలె" అంది.

తర్వాత కొంతకాలానికి రామాయంపేట దగ్గరి మా పొలం రోడ్డు కింద పోయింది. పరిహారం నా పేరున వచ్చింది. నా ముసలితనానికి మిగిలింది అదొక్కటే. మా మరిది కొడుకు శ్రీను, ఇస్త్రీ చొక్కా ఏజెంటునొకణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ప్రపంచమంతా పరుగెడుతోందని, చిప్పులు, బ్యాటరీ కార్లు, మందులు, అన్ని రంగాల్లోనూ నా డబ్బు ఒకేసారి పనిచేస్తుందని ఏజెంటు చెప్పాడు. చెబుతూనే కాగితం నా ముందు పెట్టి, వేలిముద్రకు సిరా డబ్బా మూత తీశాడు. నేను పక్కనే కూర్చున్న విమలక్క వైపు చూశాను.

"నన్నెందుకు సూస్తున్నవ్? కాగితం సూడు" అంది.

వేలు పెట్టి, నెమ్మదిగా, పైకే చదివాను. శ్రీను కాలు ఆడిస్తూ కూర్చున్నాడు.

"నా పైసలు ఏ కంపెనీల పెడ్తరో గిండ్ల రాసి లేదు. యాడ పెడ్తరు?" అని ఏజెంటును అడిగాను.

"అన్నిట్లనమ్మా. అది మా ఎక్స్‌పర్టులు చూసుకుంటరు. మీకు అర్థం కాదు."

"నాకు సమజ్ కాని దాంట్ల నేనెందుకు పెడ్త? డబ్బా మూత పెట్టు."

శ్రీను లేచాడు. "నాలుగచ్చరాలొచ్చేసరికి మా పెద్దమ్మకు మస్తు గీరొచ్చింది!"

"వచ్చింది బిడ్డా. జర దూరం జరుగు."

ఆ కంపెనీ మునిగిందా అని అందరూ అడుగుతారు. మునిగిందో తేలిందో నాకు తెలియదు. అందులో పెట్టిన శ్రీనుకు లాభమే వచ్చి ఉండొచ్చు, రానీ. నేను సగానికి పైగా బ్యాంకులో వేశాను. కొంత, చాలా కంపెనీల షేర్లు కలిపి కొనే ఫండులో పెడతానంటే ఈసారి విమలక్కే అడ్డం పడింది. ఆమెకు షేర్లంటే హడల్.

"పోస్టాఫీసుల ఏసుకో. నా మాట ఇను."

"ఏమేం కంపెనీలున్నయో పేర్లు సదివిన. పడితే పడ్తది, గదిగూడ సదివిన. నీ మాట ఇననీకేనా అక్కా నాకు సదువు సెప్పింది?"

విమలక్క పేపరు మడిచి చంకన పెట్టుకుని విసవిసా లోపలికి పోయింది. కొన్నాళ్లకు మార్కెట్ పడింది. ఆ పొద్దున ఆమే పేపరు తెచ్చి నా ముందు పరిచింది.

"పైసలు తీస్తవా?"

"తియ్య."

"మొండిదానివే నువ్వు" అని పక్కన కూర్చుని, పేజీ అంతా నాచేత చదివించింది.

విమలక్క ఇప్పుడు లేదు. తెలియని మాట దగ్గర తెలిసినట్టు తలూపితే ఆమె ఒప్పుకునేది కాదు. ఆ అలవాటు నాలో ఉండిపోయింది. బ్యాంకులో కౌంటరు ముందు నిలబడి, "సమజ్ కాలేదు సారూ, మళ్ల చెప్పుండ్రి" అంటాను. వెనక లైనులో ఎవరో గొణుగుతారు. గొణగనీ. నాకు అర్థమయ్యేదాకా ఆ కౌంటరు నాది.