ఖాళీ మడిలో దుంపలు

బంగాళాదుంపలు తవ్వే రోజు ఉదయం హెన్నీకి మంచం దిగడమే గగనమైంది. హార్లెం ఊరి చివర బడిపిల్లల తోటను చూసుకునే మనిషి ఆమె. మోకాళ్ళు ఎప్పుడో మొరాయించాయి. ఈ ఏటితో సరి, ఇక నావల్ల కాదు అని ఆమె అనుకోని ఏడాది లేదు.

అయినా పిల్లలకంటే ముందే తోటకు వచ్చి, ఫెన్నా అనే పిల్లకిచ్చిన మడి ముందు కూలబడింది. వసంతంలో ఒక్కొక్కరికి ఒక విత్తన దుంప ఇచ్చి, పేరు రాసిన పుల్ల గుచ్చిన మడి అప్పగిస్తారు. సెప్టెంబరులో ఎవరి దుంపలు వాళ్ళు తవ్వి ఇంటికి పట్టుకెళ్ళాలి. ఫెన్నా మడిలో మొలకే రాలేదు. కుళ్ళిపోయి ఉంటుందనుకుంది హెన్నీ. నాటాక తవ్వకం దాకా పిల్లలు తోటకు రారు; పైగా తవ్వకానికి ముందు అన్ని మడుల్లోనూ ఆకు కోసేస్తారు కాబట్టి, ఏది ఖాళీయో పైకి తెలియదు. పాక వెనక తన కోసం వేసుకున్న వరసలోంచి దుంపలు తవ్వి తెచ్చి, మట్టిలోకి నెట్టసాగింది. ఏటా అంతే. ఏవో నాలుగు మడులు ఎండిపోతాయి, ఆమె వరస ఖాళీ అయిపోతుంది.

"తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరమని ఊరికే అనలేదు," అన్నాడు తోటలో మేకలను చూసుకునే యోప్, వాటికి గడ్డి వేస్తూ. "మొలవకపోతే మొలవలేదని చెప్పు. అదీ చదువేగా."

"నీ మేకల సంగతి నువ్వు చూసుకో."

చిన్నప్పుడు ఇదే తోటలో హెన్నీ మడి ఎండిపోయింది. నిండు సంచులు మోసుకెళ్ళే పిల్లల మధ్య, ఖాళీ సంచి మడిచి కోటులో దాచుకుని ఇంటికి నడిచింది. ఆ సిగ్గు ఆమెను ఇంకా వదల్లేదు. ఇంకే పిల్లా అలా నడవకూడదని ఆమె పట్టుదల.

పిల్లలు వచ్చారు. తవ్వారు, అరిచారు, ఒకరి దుంపను చూసి ఒకరు వెక్కిరించుకున్నారు. ఫెన్నా మాత్రం అయిదు దుంపలు తీసి సంచిలో వేసుకుని, తిన్నగా హెన్నీ దగ్గరికి వచ్చింది.

"ఆంటీ, ఇవి నావి కావు. నేను అసలు పాతనేలేదు."

"అదేంటే?"

"మా తమ్ముడు తనకీ తోట కావాలని ఒకటే ఏడుపు. వాడింకా చిన్నాడు కదా, బడికి రాడు. అందుకని నా దుంప ఇంటికి తీసుకెళ్ళి బాల్కనీలో బకెట్లో పెట్టించా. మరి ఇవెవరు పెట్టారు?"

హెన్నీకి అబద్ధమాడే ఓపిక లేదు.

"నేనే. నువ్వు ఉత్త చేతులతో వెళ్ళకూడదని."

"మీ దుంపలా?"

"నావే."

"మరి మీకు?"

ఇన్నేళ్ళలో హెన్నీని ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

ఫెన్నా సంచి ఆమె ఒళ్ళో పెట్టింది. "మాకు బకెట్లో రెండు వచ్చాయి. ఇంతింతే ఉన్నాయి. వాటిని వండనివ్వట్లేదు మావాడు, పక్కలో పెట్టుకుని పడుకుంటున్నాడు." ఖాళీ చేతులు ఊపుకుంటూ, నవ్వుకుంటూ పిల్లల వరసలోకి పరుగెత్తింది.

సాయంత్రం హెన్నీ ఆ అయిదూ ఉడికించి, వెన్న, ఉప్పు వేసుకుని నెమ్మదిగా తిన్నది. ఎన్నో ఏళ్ళుగా తాను పండిస్తున్న దుంపల రుచి ఆమె చూడటం అదే మొదటిసారి.